నవ్వించే మాటకు పూచీ

జువ్వలదిన్నె హార్బరుకు పోయే రోడ్డు పక్కన నిషాత్, ఆమె భర్త పర్వేజ్ ఒక ఐసు ఫ్యాక్టరీ నడుపుతున్నారు. యంత్రాల పని పర్వేజ్‌ది. అమ్మకం, బోటు యజమానులతో మాటలు నిషాత్‌వి. సాయంత్రం ఐసు ఎత్తించుకోవడానికి వచ్చిన వాళ్లంతా ఎదురుగా ఉన్న టీకొట్టులో కూర్చుని టీవీ చూసేవారు. ఆ వేళకు నెల్లూరు చానల్ ఒకదానిలో సుశీల్ కుమార్ కార్యక్రమం వచ్చేది.

సుశీల్ కుమార్ మాటకారి. ఆ రోజు రాజకీయాలను తీసుకుని బల్ల గుద్ది మాట్లాడేవాడు. ఒక నాయకుడి నడక నడిచి చూపించేవాడు, ఇంకొకాయన దగ్గు దగ్గేవాడు. అందరికీ ముద్దుపేర్లు పెట్టేవాడు. మధ్యలో ఉన్నట్టుండి గొంతు తగ్గించి, “ఇది మీకెవరూ చెప్పరు” అంటూ ఒక రహస్యం బయటపెట్టేవాడు. టీకొట్టులో టీ చల్లారిపోయినా ఎవరూ లేచేవారు కాదు. బోటు యజమాని హెబ్రోనుకు ఆయనంటే ప్రాణం. పేపర్లు రాయడానికి భయపడే సంగతులు ఈయనొక్కడే చెబుతున్నాడని అందరితోనూ వాదించేవాడు. నిషాత్ కూడా గేటు దగ్గర నిలబడి విని నవ్వుకునేది. చూస్తున్నది వార్తా, వినోదమా అని అక్కడ ఎవరికీ అనుమానం రాలేదు. రావలసిన అవసరం ఉందని కూడా ఎవరూ అనుకోలేదు.

ఒకనాటి సాయంత్రం సుశీల్ కుమార్ ఐసు మీద పడ్డాడు. తీరంలోని ఐసు ఫ్యాక్టరీలలో శవాలు చెడిపోకుండా వాడే మందు కలుపుతున్నారనీ, దాని వెనక ఒక నాయకుడి మనుషులున్నారనీ చెప్పాడు. ముక్కు మూసుకుని, ఐసు పెట్టెలోంచి తల పైకెత్తి ఓటు అడిగే చచ్చిన చేపలాగా నటించాడు. టీకొట్టు గొల్లుమంది. అంతలో ఆయన వెనక తెర మీద ఒక ఫ్యాక్టరీ ఫోటో పడింది. ఆకుపచ్చ గేటు, గేటు మీద ఫ్యాక్టరీకి పెట్టుకున్న నిషాత్ కూతురి పేరు. నవ్వులు ఆగిపోయాయి. జనం తలలు తిప్పి గేటు దగ్గర నిలబడిన నిషాత్ వైపు చూశారు.

మరునాడు ఐసుకు ఒక్క బోటు వాళ్లూ రాలేదు. హెబ్రోను కావలి నుంచి లారీలో తెప్పించుకున్నాడని తెలిసి నిషాత్ నేరుగా అతని బోటు దగ్గరికే వెళ్లి అడిగింది. తుఫాను వచ్చిన ఏడాది కరెంటు లేనప్పుడు, రాత్రింబవళ్లు జనరేటరు తిప్పి అతని చేపను నిలబెట్టింది ఈ ఐసే. ఆ మాట ఆమె ఎత్తలేదు. హెబ్రోను వల సర్దుతున్నట్టు తల దించుకున్నాడు.

“నువ్వు కలిపినావని నేను అనడంలా నిషాతమ్మా. కానీ అంత పెద్ద చానల్లో, అంతమంది ముందర, ఊరికే చెప్తాడా?”

పర్వేజ్ నెమ్మదైన మనిషి. నలుగురూ తనను చూసి గుసగుసలాడటం భరించలేకపోయాడు. ఫ్యాక్టరీ మూసేసి సూళ్లూరుపేటలో అన్న దుకాణంలో పని చూసుకుందామన్నాడు. నిషాత్ ఒప్పుకోలేదు. తప్పు చేసినోళ్లు మూసుకోవాలిగానీ మనమెందుకు మూయాల అంది. తానే అధికారులకు అర్జీ పెట్టి, నీళ్లూ ఐసూ తీసుకెళ్లి పరీక్ష చేయమని అడిగింది. వాళ్లు పరీక్షించి, ఏ మందూ లేదని రాసిచ్చారు. ఆ కాగితాన్ని గేటుకు అంటించింది. వచ్చేపోయేవాళ్లు చదివారు, తలాడించారు, వెళ్లిపోయారు. ఆ కాగితంలో నవ్వించే మాట ఒక్కటీ లేదు. అందుకే అది ఎవరికీ గుర్తుండలేదు. ఐసులోంచి ఓటు అడిగిన చేప మాత్రం ఊరందరికీ గుర్తుంది. పిల్లలు బడిలో ఆ చేపలాగా నటించి చూపించుకుంటున్నారు.

నిప్పు ఒక్క ఇంటితో ఆగలేదు. ఆదిశేషమ్మ అని ఆ ఊళ్లో పెద్దావిడ ఉంది. రోజూ ఆటోలో అల్లూరు వెళ్లి చేపలమ్మి వస్తుంది. అల్లూరు ఆడవాళ్లు ఆమె చేపను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఏ ఐసులో పెట్టావని అడగడం మొదలుపెట్టారు. కావలి ఐసు అని చెబితే, మేమెట్టా నమ్మేదన్నారు. చేపలు కొనే పెద్ద వ్యాపారులు జువ్వలదిన్నె సరుకంటేనే వద్దన్నారు. నిషాత్ గేటు వైపు చూడటం మానేసిన బోట్ల వాళ్ల చేపలు కూడా హార్బరులోనే మెత్తబడిపోయాయి. హెబ్రోను ఒకసారి సముద్రం నుంచి తెచ్చిందంతా ఎండబెట్టుకోవాల్సి వచ్చింది.

ఒక ఉదయం ఆదిశేషమ్మ ఖాళీ గంప చంకన పెట్టుకుని ఫ్యాక్టరీకి వచ్చింది. ఎవరు అన్నారో ఆయన్నే పోయి అడుగుదాం పదమంది. సంగతి తెలిసి హెబ్రోను కూడా బయలుదేరాడు. ఆయన దగ్గర రుజువు ఉండే ఉంటుంది, అది తన కళ్లతో చూస్తానన్నాడు. ముగ్గురూ నెల్లూరు బస్సెక్కారు.

చానల్ ఆఫీసు ఒక మేడ మీద ఉంది. సుశీల్ కుమార్ వాళ్లను మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. టీవీలో కనిపించే కోపం ఆ మనిషిలో లేదు. గొంతు కూడా మెత్తగా ఉంది. నిషాత్ పరీక్ష కాగితం ఆయన చేతికిచ్చింది. ఆయన అటూ ఇటూ చూసి తిరిగి ఇచ్చేశాడు. హెబ్రోను రుజువు సంగతి అడిగాడు. ఎవరో ఫోన్లో పంపిన మాట అని ఆయన చెప్పాడు. ఫోటో ఎక్కడిదంటే, కుర్రాళ్లు ఇంటర్నెట్లో వెతికి ఏదో ఒకటి పెట్టుంటారన్నాడు. అలా చెప్పడానికి ఆయన ఏమీ ఇబ్బంది పడలేదు.

“నేను న్యూస్ చదివేవాణ్ణి కాదక్కా. నాది ఎంటర్‌టైన్‌మెంట్. జనం పొద్దంతా కష్టపడి వస్తారు, కాసేపు నవ్విస్తా. దాన్ని మీరు సీరియస్‌గా తీసుకుంటే ఎలా?”

“అయితే ఆ మాటే కెమెరా ముందర చెప్పండి సార్,” అంది నిషాత్. “నేను చెప్పేది నిజం కాదు, ఉత్త నవ్వులాట అని రోజూ మొదట్లోనే చెప్పి, తర్వాత ఏమైనా చెప్పుకోండి.”

సుశీల్ కుమార్ నవ్వాడు. “అట్లా చెప్తే నన్ను ఎవరు చూస్తారక్కా?”

హెబ్రోను చేతిలోని కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. సగం కూడా తాగలేదు. తిరుగు బస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. తాను ఇన్నాళ్లూ నమ్మింది ఒక వేషాన్నని అతనికి అర్థమైంది. అంతకన్నా, ఆ వేషాన్ని నమ్మి ఎదురుగా ఉన్న మనిషిని నమ్మకపోవడం అతన్ని కోసేసింది. దిగేటప్పుడు నిషాత్‌తో ఒకే మాట అన్నాడు. రేపు తెల్లారి నా బోటుకు ఐసు పెట్టమ్మా అని.

ఆ సాయంత్రం టీకొట్టులో కార్యక్రమం మొదలవుతుండగా హెబ్రోను లేచి టీవీ గొంతు తగ్గించాడు. నెల్లూరులో చూసింది, విన్నది దాచుకోకుండా చెప్పాడు. కొందరు నమ్మలేదు. రాజకీయం మాట్లాడేవాడు అబద్ధం చెప్పినా మనల్ని మేలుకొలుపుతున్నాడు కదా అని ఒకతను అన్నాడు. అప్పుడు ఆదిశేషమ్మ గంప కింద పెట్టి మాట్లాడింది.

“మనూళ్లో నాటకం ఆడితే రాక్షసుడి వేషం కట్టినోడికి తెల్లారి అన్నం పెట్టినాం గదా. రాజు వేషం కట్టినోడి దగ్గరికి అర్జీ తీసకపోయినామా? పోలా. ఎందుకని? వాడు మొగానికి రంగేసుకుని మనముందర నిలబడ్డాడు. వేషమని వాడికీ తెలుసు, మనకూ తెలుసు. ఈయన రంగేసుకోకుండా ఆడతుండాడు. అడిగితే నాటకమంటాడు, అడక్కపోతే నిజమంటాడు. చూడండి, నవ్వండి, నేనొద్దనను. ఆయన మాట పట్టుకుని పక్కింటోళ్ల గేటు వదిలేసే ముందు, ఆ గేటు తట్టి ఒక్కసారి అడిగినామా మనం?”

మరునాడు హెబ్రోను బోటుకు ఐసు ఎక్కింది. వారం తిరిగేసరికి ఇంకొందరు వచ్చారు. నిషాత్ అంతటితో ఊరుకోలేదు. కావలిలో సుభాషిణి అనే లాయరు చేత చానల్‌కు నోటీసు పంపించింది. కొన్నాళ్లకు సుశీల్ కుమార్ కార్యక్రమం చివర, పేర్లు పడుతుండగా, ఆ ఫ్యాక్టరీ ఐసులో ఏ మందూ లేదని ఒక్క వాక్యం చదివాడు. ఆ వాక్యాన్ని ఆయన నటించి చూపలేదు. విన్నవాళ్లు తక్కువే. అయినా పర్వేజ్ దాన్ని ఫోన్లో దాచుకున్నాడు. సూళ్లూరుపేట మాట మళ్లీ ఎత్తలేదు. అల్లూరు ఆడవాళ్లు చేపను ముక్కు దగ్గర పెట్టుకోవడం మానేయడానికి మాత్రం చాలా నెలలు పట్టింది. పోయిన నమ్మకం వచ్చే దారి పొడుగు.

ఇప్పుడు కూడా ఆ టీకొట్టులో సుశీల్ కుమార్ వస్తాడు, జనం నవ్వుతారు, నిషాత్ కూడా నవ్వుతుంది. కానీ ఆయన ఎవరి పేరైనా ఎత్తితే, నిజమేనా అని ఆ మనిషికే ఫోన్ చేసి అడిగేవాడు అక్కడ ఒకడైనా ఉంటాడు. రాజకీయాలు చెప్పి నవ్వించేవాణ్ణి నవ్వించేవాడిగానే చూడటం మన వివేకం. అయితే ఆ నవ్వు ఒకరి బతుకు మీద పడినప్పుడు, అది ఉత్త వినోదమేనని తప్పించుకునే హక్కు చెప్పినవాడికీ లేదు, నమ్మి తలుపు మూసుకున్న మనకూ లేదు.