చేతికా, భుజానికా

ఇనుప జాలీ తలుపును కుడిచేత్తో బలంగా లాగి, ఎడమ మోకాలు అడ్డం పెట్టి, స్ట్రెచరు చక్రాలు గుమ్మం దాటేదాకా ఆగాడు రిఫరీ. తర్వాత తలుపు మూసి మీట నొక్కాడు. ఆ ముసలి లిఫ్టు ఓసారి మూలిగి, కదలాలా వద్దా అని ఆలోచించుకుని, పైకి బయల్దేరింది.

"విన్నారా సిస్టర్? మా కెప్టెన్‌ని హార్బరు వాళ్లకి ఇచ్చేస్తున్నారట. మా ప్రెసిడెంటుకి బుద్ధుందా అని? ఉన్న ఒక్క మంచి కాలూ కోసి పక్కింటికిస్తారా ఎవరైనా?"

"మూడో అంతస్తు," అంది నర్సు.

"మూడే. నొక్కాను."

ఆసుపత్రిలో అతని అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. క్యాంటీన్ టీ దగ్గర్నుంచి పెద్ద డాక్టరు కారు ఆపే తీరు దాకా అన్నిటికీ తీర్పు చెప్తాడని ఎవరో రిఫరీ అన్నారు, అదే స్థిరపడిపోయింది. ఈ భూమ్మీద అతను ఒళ్లు మండేలా అసహ్యించుకునే జాతి ఏదైనా ఉంటే అది రిఫరీలే. పేరు ఎవరు పెట్టారో గాని కసితీరా పెట్టారు.

పొట్టి మనిషి. ఏళ్ల తరబడి తలుపు లాగి లాగి కుడిభుజం కాస్త కిందికి జారింది. అంతస్తుల అంకెలు వెలిగే గాజుపలక వైపు ఎప్పుడూ తలెత్తి చూడటం వల్ల మెడ అలాగే నిలిచిపోయి, వీధిలో కూడా గడ్డం పైకెత్తే నడుస్తాడు. తెలియనివాళ్లు పొగరనుకుంటారు. కూర్చునే స్టూలు మీద పాత దుప్పటి మడత ఒకటి, పక్కన మేకుకి తగిలించిన చేతిగుడ్డ, ఇవి అతని ఆస్తి. అభిప్రాయాలు వేరే. వాటిని అంతస్తుల వారీగా కోసి పెట్టుకున్నాడు. మొదటి అంతస్తుకి వెళ్లేవాళ్లకి స్కోరు మాత్రమే చెప్తాడు. రెండుకి వెళ్లేవాళ్లకి గోలు ఎలా పడిందో. ఆపరేషను గది ఉన్న పై అంతస్తు దాకా వెళ్లేవాళ్ల కర్మ, వాళ్లు రిఫరీలు చేసిన అన్యాయం మొత్తం వినాలి. ఒక పేషెంటు మత్తుమందు ఎక్కుతుండగా "అది ఆఫ్‌సైడే" అని గొణిగాడని ఆసుపత్రిలో చెప్పుకుంటారు. ఆ కథ కూడా ఇతను పుట్టించిందే అయ్యుంటుంది.

ఊళ్లో రెండు ఫుట్‌బాల్ క్లబ్బులు. మిల్లు క్లబ్బుది ఎర్ర చొక్కా, హార్బరు క్లబ్బుది నీలం చొక్కా. రిఫరీ వాళ్ల నాన్న మిల్లులో పనిచేసేవాడు. అతనూ అన్నా ఇద్దరూ ఆయన భుజాలెక్కి మిల్లు క్లబ్బు ఆటలు చూస్తూ పెరిగారు. కానీ అన్నకి హార్బరులో క్రేను ఫిట్టరుగా ఉద్యోగం వచ్చింది, వచ్చిన ఏడాదే నీలం చొక్కా తొడుక్కున్నాడు. "ఊరు మార్చుకుంటే ఊరుకునేవాణ్ణి, ఇల్లు మార్చుకుంటే ఊరుకునేవాణ్ణి, జట్టు మారుస్తాడా మనిషన్నవాడు?" అని ఇప్పటికీ లిఫ్టులో కనపడినవాళ్లనల్లా అడుగుతాడు.

ఇక ఈ రెండు జట్ల మధ్య ఏళ్ల కిందట జరిగిన ఆ ఫైనల్. ఆట ముగియబోతుండగా మిల్లు క్లబ్బు డిఫెండరు గాల్లోకి ఎగిరాడు, బంతి వచ్చి అతనికి తగిలింది, ఆట రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు, హార్బరు వాళ్లు కప్పు ఎత్తుకుపోయారు. చేతికి తగిలింది, ఫౌలే అని అన్న. భుజానికి తగిలింది, ఫౌలే కాదని తమ్ముడు. ఆ రోజు ఇద్దరూ మైదానానికి చెరో చివర నిలబడి ఉన్నారు, జనం తలల మధ్య నుంచి ఇద్దరికీ ఏమీ కనపడి ఉండదు. అది వాళ్ల వాదనకి ఎన్నడూ అడ్డం రాలేదు. దాని మీద కొన్ని నెలలు మాటలు మానేశారు. అమ్మ పోయినప్పుడు మాట కలిసింది, ఆ సాయంత్రానికే చేతికా భుజానికా అని మళ్లీ మొదలైంది. భార్య పోయాక రిఫరీకి అన్న ఇల్లే దిక్కయింది. సెలవు వస్తే వెళ్లి, కడుపునిండా తిని, కడుపునిండా పోట్లాడి వచ్చేవాడు. అతనితో పోట్లాడటానికి ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క మనిషే.

ఆ మనిషి ఇప్పుడు నాలుగో అంతస్తులో కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు.

నర్సుని మూడులో దింపి కిందికి వచ్చేసరికి పెద్ద డాక్టరు, ఆయన వెనకే చిన్న డాక్టరు ఎక్కారు. లిఫ్టు నడిపేవాణ్ణి డాక్టర్లు లిఫ్టులో ఒక భాగంగానే చూస్తారు కాబట్టి అతని ముందు ఏదైనా మాట్లాడేస్తారు.

"నాలుగులో కిటికీ దగ్గర పేషెంటు సంగతేంటి సార్?"

"ఏముందయ్యా, అయిపోయింది. ఇవాళో రేపో."

"ఆయనకి చెప్పొద్దంటోంది వాళ్లావిడ."

"చెప్పి మాత్రం చేసేదేముంది?"

లిఫ్టు నాలుగో అంతస్తు గుమ్మం దాటి జానెడు పైన ఆగింది. ఇన్నేళ్లలో అలా ఎప్పుడూ ఆగలేదు. దిగబోయిన పెద్ద డాక్టరు తూలి జాలీ పట్టుకున్నాడు. "చూసి ఆపవయ్యా!" అన్నాడు. రిఫరీ మళ్లీ మీట నొక్కి లిఫ్టుని గుమ్మానికి సరిగ్గా దించాడు.

వదిన మెట్ల దగ్గర ప్లాస్కు కడుగుతోంది. అతని మొహం చూడగానే ఆమెకి అర్థమైపోయింది.

"తెలిసిందా నీకు?"

అతను తలూపాడు.

"ఆయనకి మాత్రం తెలియకూడదు. మీ నాన్నకి చెప్పినప్పుడు ఏమైందో గుర్తుందిగా? ఆ పూటే గోడవైపు తిరిగి పడుకున్నాడు. మందు మింగలేదు, మంచినీళ్లు ముట్టలేదు. మళ్లీ ఇటు తిరిగాడా? ఈయనా ఆయన కొడుకే. అమ్మాయి రైలెక్కింది, పొద్దున్నకి దిగుతుంది. అది వచ్చి నాన్నా అని పిలిచేదాకా ఈ మనిషి ఇటు చూస్తూ ఉండాలి. అంతే నాక్కావలసింది."

"నేను ఆ గదిలోకి రాను వదినా. నా మొహం చూస్తే తెలిసిపోద్ది."

"రాకపోతే ఇంకా తెలిసిపోద్ది. వచ్చి ఎప్పుడూ మాట్లాడేదే మాట్లాడు. మీ బంతి గొడవ. దాన్లో అయితే నీకు అబద్ధం ఆడాల్సిన పని ఉండదు."

మధ్యాహ్నం లిఫ్టు ఇంకొకరికి అప్పగించి పైకి వెళ్లాడు. అన్న దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు తలుపు నిండా నిలబడే మనిషి. ఒళ్లంతా కరిగిపోయి చేతులు మాత్రం మిగిలాయి. నట్లు బిగించిన ఆ పెద్ద పెద్ద చేతులు సన్నటి మణికట్లకి ఎవరో తెచ్చి తగిలించినట్టున్నాయి. రిఫరీ పాలల్లో బ్రెడ్డు నానబెట్టి చెంచాతో పెట్టాడు. రెండు చెంచాలయ్యాక అన్న కళ్లలో పాత కొంటెతనం వచ్చింది.

"మీ కెప్టెన్ మావాడైపోయాడటగా?"

దీనికి సమాధానం పొద్దున్నుంచి సిద్ధంగా ఉంది. పై అంతస్తు దాకా సరిపోయేంత ఉంది. కానీ అన్న గొంతు కింద ఎముకలు లేచి పడటం చూస్తుంటే ఆ తిట్లు నోటికి రాలేదు.

"పోనీలే అన్నయ్యా. మంచి కుర్రాడు. మీ దగ్గర బాగా ఆడతాడు."

అన్న నమలడం ఆపాడు. "ఏంటీ?"

"అంటే... మీ గ్రౌండులో గడ్డి బాగుంటుంది కదా."

"మా గ్రౌండు గడ్డా? గొడ్లు కూడా మూతిపెట్టవనేవాడివి కదరా!"

"ఈమధ్య మార్చార్లే," అని గిన్నె తీసుకుని లేచొచ్చేశాడు.

మిగతా పూటంతా లిఫ్టులో తనని తాను తిట్టుకున్నాడు. తిట్టరా వెధవా, నోరారా తిట్టు, అన్నయ్యకి నువ్విచ్చే మందు అదొక్కటే అని పళ్లు నూరుకున్నాడు. ఎక్కినవాళ్లకి స్కోరు కూడా చెప్పలేదు. ఒంట్లో బాగాలేదేమోనని ఆయా ఒకామె అడిగింది.

డ్యూటీ దిగి, కాపలావాడి దగ్గర చిన్న రేడియో బతిమాలి తీసుకుని, మళ్లీ నాలుగుకి వెళ్లాడు. ఆ సాయంత్రం మిల్లుకీ హార్బరుకీ ఆట. వార్డులో చప్పుడు కూడదు కాబట్టి రేడియో తీగకున్న రెండు చెవి బిళ్లల్లో ఒకటి అన్న చెవిలో పెట్టాడు, రెండోది తను పెట్టుకున్నాడు. తలలు దగ్గరగా పెట్టి కూర్చున్నారు.

మొదటి సగం బాగానే నెట్టుకొచ్చాడు. నిజానికి చాలా బాగా పోట్లాడాడు. హార్బరు గోల్‌కీపరు చేతులకి వెన్న రాసుకొచ్చాడన్నాడు. హార్బరు వాళ్లు పెనాల్టీ కావాలని గోల చేసినప్పుడు ఆట రిఫరీ ఇవ్వకపోతే, "ఇవాళ కళ్లజోడు మర్చిపోకుండా తెచ్చుకున్నట్టున్నాడు, దేవుడు చల్లగా చూడాలి," అన్నాడు. అన్న నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఆగలేదు. వీపు నిమిరితే చేతికి అన్నీ ఎముకలే తగిలాయి. దగ్గు తగ్గేసరికి అన్న పెదాలు నల్లబడి ఉన్నాయి.

విరామం ఇచ్చారు. అమ్మాయి రైలు ఎక్కడిదాకా వచ్చిందో ఫోను చేసి కనుక్కుంటానని వదిన కిందికి వెళ్లింది.

"ఒరేయ్," అన్నాడు అన్న ఆయాసపడుతూ. "ఇప్పుడైనా చెప్పు. ఆ ఫైనల్లో... చేతికా, భుజానికా?"

ఎన్ని వందలసార్లు అడిగాడో ఆ ప్రశ్న. అడిగిన ప్రతిసారీ భుజానికే అని అరిచేవాడు తమ్ముడు. ఇప్పుడు ఆ మొహంలోకి చూశాడు. తనని సైకిలు ముందు కూర్చోబెట్టుకుని ఆటకి తీసుకెళ్లిన మొహం. ఈ మనిషికి ఇవ్వడానికి తన దగ్గర ఇంకేముంది అనిపించింది.

"చేతికే అన్నయ్యా. చేతికే తగిలింది. నువ్వే కరెక్టు."

అన్న మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగింది. అలా ఒక్క క్షణమే ఉంది. తర్వాత ఆ వెలుగు మెల్లగా ఆరిపోయి, కళ్లు తమ్ముడి మొహం మీదే నిలిచిపోయాయి.

"ఎన్ని రోజులన్నారు?"

"ఎవరు?"

"డాక్టర్లు."

ఒక్క అబద్ధం చాలు. చిన్నది చాలు. అతను వంగి రేడియో చక్రం అటూ ఇటూ తిప్పాడు. అన్న కాసేపు చూశాడు. చూసి, రెండు చేతులూ మంచానికి ఊతం పెట్టి, శ్రమపడి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"అన్నయ్యా! కాదు, కాదు! భుజానికే! ఉత్తినే అన్నాను. భుజానికే తగిలింది, నేను చూశాను, ఆ రిఫరీ గుడ్డి సన్నాసి! మీవాళ్లు దొంగకప్పు ఎత్తుకుపోయారు! అంతా దొంగలే మీ క్లబ్బులో! వింటున్నావా? భుజం అన్నయ్యా, భుజం!"

వార్డంతా లేచి చూసింది. నర్సు పరుగున వచ్చి, "ఏంటండీ ఇది, మీకు తెలియదా?" అని కసిరింది. గోడవైపు నుంచి అన్న గొంతు సన్నగా వినిపించింది.

"ఒకసారి తీర్పిచ్చాక మార్చకూడదురా."

చెవిలోది మాత్రం తీసేయలేదు. అటు తిరిగినందుకు తీగ బిగుసుకుంటే, అది ఊడిపోకుండా రిఫరీ స్టూలు మంచానికి మరీ దగ్గరగా జరుపుకున్నాడు.

వదిన వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. భర్త వీపు చూసింది, మరిది మొహం చూసింది.

"ఏం మాట్లాడావు?"

"బంతి గురించే వదినా," అన్నాడు. "బంతి గురించే."

ఆమె ఏడవలేదు. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. మంచానికి అటుపక్క గోడకీ మంచానికీ మధ్య సందులో ఇరుక్కుని నిలబడి, భర్త కళ్లకి ఎదురుగా మొహం పెట్టి, అమ్మాయి వస్తోంది, వచ్చేస్తోంది అని చెప్తూనే ఉంది. అన్న కళ్లు మూసుకున్నాడు.

రెండో సగం మొదలైంది. రిఫరీ ఆ వీపుతో పోట్లాడాడు. హార్బరు కోచ్‌ని తిట్టాడు, హార్బరు జెండాని తిట్టాడు, ఆ పోర్టులో తుప్పు పట్టిన క్రేన్లనీ వాటిని బిగించినవాళ్లనీ కూడా తిట్టాడు. గొంతు తగ్గించి, ఏడుస్తూ తిట్టాడు. ఒక్క మాట, ఒక్క "నోర్ముయ్ రా" వస్తే చాలనుకున్నాడు. అన్న వీపు మీద చొక్కా కొంచెంగా లేస్తూ పడుతూ ఉంది. మిల్లు గోలు కొట్టింది. అతను ఆ మాట చెప్పనే లేదు. తర్వాత హార్బరు సమం చేసింది. ఆట ముగిసే వేళకి హార్బరు ఇంకో గోలు కొట్టింది. చెవిలో స్టేడియం బద్దలవుతోంది.

"మీవాళ్లు కొట్టారు అన్నయ్యా," అన్నాడు వంగి.

హార్బరు గోలు కొడితే నిద్రలో కూడా పిడికిలి బిగించే మనిషి కదల్లేదు. వదిన చెప్పడం ఆపేసింది. చొక్కా లేవలేదు.

నర్సు వచ్చి చెయ్యి పట్టుకు చూసింది, వేళ్లతో కనురెప్పలు ఎత్తి చూసింది, చిన్న డాక్టరుని పిలిచింది. అన్నని కిందికి తీసుకెళ్లేటప్పుడు లిఫ్టు రాత్రి డ్యూటీవాణ్ణి పక్కకి జరగమని, జాలీ తలుపు రిఫరీయే లాగాడు. గుమ్మానికి వెంట్రుకవాసి తేడా లేకుండా ఆపాడు. పొద్దున్న రైలు దిగే అమ్మాయికి ఏం చెప్పాలో అతనికి తెలియదు. చేతికే అన్నానమ్మా, అందుకే అటు తిరిగిపోయాడు అని చెప్తే ఎవరికి అర్థమవుతుంది?

వదిన సామాను తెమ్మంటే మళ్లీ పైకి వెళ్లాడు. పక్క దుప్పటి అప్పుడే తీసేశారు. ప్లాస్కు, గిన్నె, తువ్వాలు సంచిలో వేసుకున్నాడు. రేడియో ఆపడం ఎవరికీ తోచినట్టు లేదు. దిండు మీద తల ఆనిన గుంట ఇంకా నిండలేదు, అందులో ఆ నల్లటి చెవి బిళ్ల పడి ఉంది, చీమంత గొంతుతో ఎవరో అందులోంచి ఆ రెండో గోలు అసలు గోలే కాదని గట్టిగా వాదిస్తున్నారు.