పైవీధికి ఇరవై నిమిషాలు

వార్డు ఎన్నికల్లో నిలబడ్డ మనిషి ఓటర్లతో అనకూడని మాటలు కొన్నుంటాయి. ఆ సంగతి దర్జీ పని చేసుకునే చెల్లెలికి తెలుసు, నిలబడ్డ అన్నకే తెలియదు. ఇల్లిల్లూ తిరిగి, "నా పని నేను చేస్తాను, మాట పోగొట్టుకోను. అంతకుమించి నా దగ్గరేం లేదు," అని చెప్పి వచ్చేవాడు. చెప్పి ఊరుకున్నాడా? కరపత్రాల మీద కూడా 'కర్తవ్యం, గౌరవం' అని అచ్చు వేయించాడు. అది చదివి నవ్వనివాడు పాపాత్ముడు.

ఆయన ముప్పయ్యేళ్లు నీటి సరఫరా వాల్వులు తిప్పి రిటైరయ్యాడు. వీధి మూల గుంటలోకి పొడవాటి ఇనప తాళం దింపి, ఇరవై రెండు చుట్లు తిప్పి, దాని పిడికి చెవి ఆనించి, నీళ్లు కదిలిన చప్పుడు విన్నాకే లేచేవాడు. పైవీధికి గంట, కిందవీధికి గంట. సొంత చెల్లెలి బిందె సగమే నిండినా సరే, టైమైతే కట్టేసేవాడు. అందుకే జనం ఆయనకి 'గడియారం' అని పేరు పెట్టారు. కొందరు ముద్దుగా అనేవారు, చాలామంది ఒళ్లు మండి అనేవారు.

అన్నాచెల్లెళ్లది కిందవీధి చివర ఒకే ఇల్లు, రెండు వాటాలు. పైపు వాళ్లింటికి పన్నెండిళ్ల అవతలే ఆగిపోయింది. ఆమెకు భర్త లేడు, అన్న మోకాళ్లు బరువుకి ఆగవు. రోజుకి ఎనిమిది బిందెలు మోసీ మోసీ ఆమె నడుము కాస్తా పడిపోయింది. ఇంకా మోస్తే మంచాన పడతావన్నాడు డాక్టరు. ఆయనకేం, చెప్తాడు! మరి బిందెలెవరు మోస్తారు? అన్న గెలిస్తే గుమ్మంలోకి పైపు వస్తుందన్న ఒక్క ఆశతో కుట్టుపని పక్కన పడేసి ఆయన వెంట తిరిగింది.

పోటీలో ఉన్నది సిమెంటు షాపు ఓనరు. అడిగినవాళ్లకి అడిగిందల్లా ఇస్తానంటాడు. ఆమెతో కూడా, "మీ ఇంటిదాకా పైపు నా పూచీ అమ్మా," అన్నాడు.

ఓటింగుకి ముందురోజు పొద్దున పైవీధి ఆడవాళ్లు ఓ పాతికమంది వచ్చారు. బడి టీచరమ్మ ముందు నిలబడి అడిగింది.

"మా వీధికి ఇంకో ఇరవై నిమిషాలు నీళ్లిప్పిస్తానని చెప్పండి. మా ఓట్లన్నీ మీకే."

"ట్యాంకులో ఉన్న నీళ్లు అవేనమ్మా. మీకు ఇరవై నిమిషాలు ఇవ్వాలంటే కిందవీధికి కొయ్యాలి. కుదరదు."

"చూస్తానని అయినా అనండి."

"చూడను కదా. ఎందుకనడం?"

వాళ్లు మొహమొహాలు చూసుకుని వెళ్లిపోయారు. చెల్లెలికి తల నేలకేసి కొట్టుకోవాలనిపించింది.

"ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది అన్నయ్యా? గెలిచాక ఎవడడుగుతాడు?"

"నన్ను నేనే అడగనూ?"

"పోనీ, మనింటికి పైపైనా వేయిస్తావా?"

"నా ఇంటికి నేనే వేయించుకుంటానని ఎలా చెప్పను?"

"నీతో వేగడం నా వల్ల కాదు," అని ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది. తన నడుము కన్నా ఆయనకి ఆ పట్టుదలే ఎక్కువైందని ఏడ్చింది.

మర్నాడు క్యూలో గంటసేపు నిలబడేసరికి ఆమె నడుము నిప్పులా మండింది. ఎలాగూ ఓడిపోయేవాడికి వేసి ఏం లాభం అనుకుంది. సిమెంటు షాపాయన గుర్తు మీద నొక్కింది.

బయటికి రాగానే అన్న ఎదురొచ్చాడు. "వేశావా?"

"వేశాను."

"హమ్మయ్య, ఒక్క ఓటు ఖాయం," అని నవ్వాడు.

ఓట్లు లెక్కపెట్టిన రోజు మధ్యాహ్నానికి ఫలితం తెలిసింది. గడియారం పంతొమ్మిది ఓట్లతో గెలిచాడు. పైవీధి దాదాపు మొత్తం ఆయనకే వేసింది. టీచరమ్మ ఇంటికొచ్చి మరీ చెప్పింది.

"మొహం మీదే కాదన్నారని ఆరోజు మండిపడ్డాం. ఇంటికెళ్లి ఆలోచించుకున్నాం. మాకోసం వంగని మనిషి రేపు ఇంకొకళ్లకోసం మా నీళ్లూ కొయ్యడు కదా!"

చెల్లెలికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఆ మాటలు వాళ్లూ విన్నారు, తనూ విన్నది. పరాయివాళ్లు నమ్మారు. ఒకే కప్పు కింద బతికిన తను నమ్మలేదు.

అందరూ వెళ్లాక అన్న దగ్గరికి వెళ్లి నిలబడింది.

"అన్నయ్యా, నేను నీకు వెయ్యలేదు."

"పైపు కోసమా?"

"పైపు కోసమే."

"నాకు కష్టంగా ఉందమ్మా," అన్నాడు. "ఓటు నీది, నీ ఇష్టం. పైపు కోసం అర్జీ రాసివ్వు. వార్డులో ఎవరైనా ఇవ్వచ్చు."

"ఇస్తే?"

"వరసలో పెడతాను. నీకన్నా ముందు ఏడుగురున్నారు."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కాగితం తెచ్చుకుని, నడుము పట్టుకుని కూర్చుంది. 'గౌరవనీయులైన వార్డు సభ్యుల వారికి' అని మొదలుపెట్టింది. 'గౌరవనీయులైన' అన్న మాట ఇదివరకు ఎన్ని అర్జీల్లో రాసిందో! మనసులో అనుకుని రాయడం మాత్రం ఇదే మొదటిసారి. కళ్లు తుడుచుకుని మిగతాది పూర్తిచేసి అన్న చేతికిచ్చింది.

ఆయన అక్షరం వదలకుండా చదివి తిరిగిచ్చాడు.

"తేదీ వెయ్యలేదు. వెయ్యి."