డోర్కాస్ కొత్త తొవ్వ

గగన్‌పహాడ్ నుంచి శంషాబాద్ దాకా పిల్లల్ని బడికి చేర్చే ఆటో యాదగిరిది. పదకొండేళ్లుగా అదే పని. ఎవరు ఎక్కడ ఎక్కుతారో, ఎవరు ఎవరితో కొట్లాడతారో, ఎవరికి పొద్దున్నే కడుపులో తిప్పుతుందో అన్నీ అతనికి కంఠతా వచ్చు. ఉన్న ఆరుగురిలో డోర్కాస్ ఒక్కతే అతనికి అంతుబట్టని పిల్ల.

ఏడేళ్లుంటాయి, రెండో తరగతి. ఎక్కగానే అతని సీటు వెనక ఎడమ చివరన కూర్చుంటుంది. ఆ చోట ఇంకెవరైనా ఉంటే ఎక్కకుండా కిందే నిలబడిపోతుంది. ఎవరు పలకరించినా మాట్లాడదు. కానీ ఆటో కదిలిందంటే దారి పొడుగునా కనిపించినవన్నీ చెబుతూనే ఉంటుంది. "పెట్రోల్ బంకు. టైర్ల దుకాణం. పసుపు గోడ. వాటర్ ట్యాంకు." నెత్తి మీదుగా విమానం దిగుతున్నా తల ఎత్తదు, వరస తప్పదు. మొదట్లో యాదగిరికి విసుగ్గా ఉండేది. తర్వాత తర్వాత ఆ గొంతు వినకపోతే బండి నడుపుతున్నట్టే అనిపించేది కాదు.

నవంబర్‌లో ఒక సోమవారం పొద్దున హైవే మీద పని మొదలైంది. పెట్రోల్ బంకు దాటగానే బారికేడ్లు. పోలీసాయన చెయ్యి ఊపి బండ్లన్నింటినీ పక్కనున్న షెడ్ల సందులోకి మళ్లిస్తున్నాడు. యాదగిరి కూడా హ్యాండిల్ తిప్పాడు.

"టైర్ల దుకాణం," అంది డోర్కాస్. దుకాణం రాలేదు. ఇంకోసారి అంది. మూడోసారి అది మాట కాదు, కేక. చెవులు రెండూ మూసుకుని, పక్కనున్న ఇనుప కడ్డీకి తల కొట్టుకోవడం మొదలుపెట్టింది. మిగతా పిల్లలు బిక్కచచ్చిపోయారు. చిన్నవాళ్లు ఏడుపు అందుకున్నారు. యాదగిరి బండి ఆపి, తన తువ్వాల మడిచి కడ్డీకి, ఆమె నుదుటికి మధ్య అడ్డం పెట్టి కూర్చున్నాడు. వెనక లారీల హారన్లు మోగుతూనే ఉన్నాయి. అర్ధగంట పట్టింది ఆమె సోలిపోవడానికి. బడి చేరేసరికి ప్రార్థన అయిపోయింది.

మంగళవారం కూడా అంతే. బుధవారం మహేష్ ఎదురొచ్చాడు. అతని బిడ్డ కూడా ఈ ఆటోలోనే బడికి పోతుంది.

"అన్నా, నా బిడ్డ బండి ఎక్కనని ఏడుస్తున్నది. ఆ పిల్లనన్న తీసేయ్, లేకుంటే నేను వేరే ఆటో చూసుకుంట. నీ ఇష్టం," అన్నాడు.

మహేష్ చెడ్డవాడేమీ కాదు. అతని స్థానంలో ఉంటే తానూ అదే మాట అనేవాడినని యాదగిరికి తెలుసు. ఆ సాయంత్రం డోర్కాస్ ఇంటికి పోయి చెప్పేద్దామని నిశ్చయించుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో దారంతా మనసులో అనుకుంటూ పోయాడు.

రెండు గదుల కిరాయి ఇల్లు. డోర్కాస్ తల్లి ప్రేమావతి విమానాశ్రయంలో ఊడ్చి తుడిచే పనిలో ఉంది. షిఫ్టు దిగి అప్పుడే వచ్చినట్టుంది, మెడలో గుర్తింపు కార్డు ఇంకా తీయలేదు. "కూసోండ్రి అన్నా," అని కుర్చీ వేసి చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. డోర్కాస్ మూలన కూర్చుని చెప్పుల జతలను వరసగా పేరుస్తోంది.

యాదగిరి చూపు గోడ మీదికి పోయింది. పిల్ల ఎత్తుకు అందేలా ఒక పొడుగాటి అట్ట, దాని మీద పైనుంచి కిందికి ఫొటోలు. పళ్లు తోమే బ్రష్షు. నీళ్ల బకెట్. యూనిఫాం. ఇడ్లీల పళ్లెం. దాని కింద ఒక ఆటో. దగ్గరికి పోయి చూశాడు. తన ఆటోనే. హ్యాండిల్ పట్టుకుని పక్కకు చూస్తున్నది తనే. ఆ ఫొటో కింద బడి గేటు.

"ఇదేంది చెల్లె?" అన్నాడు, చాయ్ తెచ్చిన ప్రేమావతితో.

"దానికి ఏది తర్వాత ఏదొస్తదో ముందే తెలువాలె అన్నా. తెలిస్తే నిమ్మళంగ ఉంటది. దవాఖానల డాక్టరమ్మ ఆటిజం అన్నది. రోగం కాదు, దాని తల గట్ల పని చేస్తదని చెప్పింది. ఈ ఫొటోలు పెట్టుమన్నది గూడ ఆమెనే. మొదలు నేను నమ్మలే. పెట్టినంక పొద్దున లొల్లి సగం తగ్గింది." కొంచెం ఆగి, "మీ ఫొటో అడగకుండ తీసిన. ఏమనుకోకుండ్రి," అంది.

యాదగిరి చాయ్ గుక్క మింగాడు. ఇడ్లీకీ బడికీ నడుమ తనను పెట్టుకున్న పిల్లను దిగిపొమ్మని ఏ నోటితో చెప్పాలి?

"బండిల గిట్ల తల కొట్టుకుంటున్నదని పిల్లలు భయపడుతున్నరు చెల్లె," అన్నాడు చివరికి.

"నాకు తెలుసు. నుదురు చూసిన. మీరు వద్దంటరేమో అని రెండు దినాలసంది మనసుల మనసు లేదు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. ఆ మాట ఇంతకుముందు చాలామంది దగ్గర విని ఉంటుందని అతనికి అర్థమైంది.

"మరి కొత్త తొవ్వను గూడ గిట్ల గోడకు పెడితే?"

ప్రేమావతి అతని వైపు చూసింది. "పెట్టొచ్చు. కానీ ఆ సందులు నాకు తెల్వయి అన్నా."

"నాకు తెలుసు గద," అన్నాడు యాదగిరి.

మర్నాడు పిల్లల్ని దింపి వస్తూ సందు సందుకూ బండి ఆపాడు. రేకుల షెడ్డు. నీలం గేటు. మేకలు కట్టేసిన కొట్టం. మంచినీళ్ల ప్లాంటు. మళ్లీ హైవే ఎక్కే చోట పెద్ద హోర్డింగు. సెల్‌ఫోన్లో తొమ్మిది ఫొటోలు తీసి దుకాణంలో ప్రింట్లు వేయించాడు. శుక్ర, శనివారాలు డోర్కాస్‌ను బడికి పంపకుండా ఇంట్లోనే ఉంచారు. ఆ రెండు రోజులూ ప్రేమావతి ఆ ఫొటోలను బిడ్డ ముందు పరిచి వరస చెప్పింది. ఆదివారం చర్చి అయ్యాక ముగ్గురూ ఖాళీ ఆటోలో బయలుదేరారు.

మలుపు దగ్గర యాదగిరి బండి పూర్తిగా ఆపాడు. డోర్కాస్ ఒళ్లు బిగుసుకుంది. ప్రేమావతి మొదటి ఫొటో ఆమె చేతిలో పెట్టింది. అతను ఇంజను బందు చేసి, వెనక్కి తిరగకుండానే "రేకుల షెడ్డు" అన్నాడు. చాలాసేపు అలాగే కూర్చున్నారు. ఆ తర్వాత సన్నగా వినిపించింది: "రేకుల షెడ్డు." అతను బండి నెమ్మదిగా కదిలించాడు. నీలం గేటు దగ్గర ఆమె ఏడ్చింది, మేకల కొట్టం దగ్గర ఊరుకుంది. ఆ రోజు అదే సందులో నాలుగుసార్లు తిరిగారు.

సోమవారం అంతా సాఫీగా సాగిందని చెప్పడానికి లేదు. మలుపులో కేక పెట్టింది, కాళ్లు తన్నింది. కానీ తల కొట్టుకోలేదు. నీలం గేటు దాటాక ఊపిరి తీసుకుని వరస అందుకుంది. వారం తిరిగేసరికి మిగతా పిల్లలూ ఆమెతో కలిసి చెప్పడం మొదలుపెట్టారు. మహేష్ మాత్రం అప్పటికే బిడ్డను వేరే ఆటోకు మార్చేశాడు. ఆ సీటు సంక్రాంతి సెలవుల దాకా ఖాళీగానే ఉంది. యాదగిరి భార్య సత్తెమ్మ కిరాయి పోయిందని ఒకటి రెండుసార్లు సణిగి, ఆదివారం తిరుగుడు సంగతంతా విన్నాక ఊరుకుంది.

బడిలో కథ వేరు. ఒకరోజు మధ్యాహ్నం యాదగిరి తొందరగా పోతే డోర్కాస్ వరండాలో ఒక్కతే నిలబడి ఉంది. క్లాస్ టీచర్ కవిత బయటికి వచ్చింది. అలసిపోయి ఉంది.

"ఏం చేయమంటవ్ అన్నా? ప్రతి సోమవారం పిల్లల చోట్లు మారుస్త. అందరు మారుతరు, ఈమె మారదు. బెంచీ పట్టుకుని ఏడుస్తది. నలభై మంది ఉన్నరు నాకు."

యాదగిరి చదువుకున్నది ఐదో తరగతి. టీచర్‌కు చెప్పేంతటివాడినా అని జంకాడు. అయినా ఫోన్ తీసి తొమ్మిది ఫొటోలూ చూపించాడు. "బండిల గూడ గట్లనే చేసేది మేడం. ముందుగాల చూపెడితే ఒప్పుకుంటున్నది. ఒక్కపారి వాళ్లమ్మతోని మాట్లాడి చూడుండ్రి."

కవిత ఫొటోలు ఒక్కొక్కటే వేలితో జరుపుతూ చూసింది. "నాకెవ్వరు చెప్పలే," అంది మెల్లగా. వరండాలోని పిల్ల వైపు చూసి, "నేను గూడ అడగలే," అంది.

ఆ శనివారం ప్రేమావతి సెలవు పెట్టి బడికి వచ్చింది. తర్వాతి వారం నుంచి కవిత ఆ రోజు ఏ పాఠం తర్వాత ఏ పాఠమో పొద్దున్నే బోర్డు మూల బొమ్మలు గీసి పెట్టడం మొదలుపెట్టింది. డోర్కాస్ కోసమని మొదలుపెడితే సగం క్లాసు దాన్నే చూసుకునేది. బెంచీ మార్పు సంగతి శుక్రవారమే చెప్పేది. కొన్ని సోమవారాలు కుదిరేది, కొన్ని కుదిరేది కాదు. కుదరనప్పుడు పిల్లను బయట నిలబెట్టడం మాత్రం మానేసింది.

జూన్‌లో బడి తెరవడానికి నాలుగు రోజుల ముందు కవితే యాదగిరికి ఫోన్ చేసింది. మూడో తరగతి గది పైఅంతస్తులో ఉంది, టీచర్ కూడా వేరే. పిల్లలెవరూ లేనప్పుడు డోర్కాస్‌ను ఒకసారి తీసుకురమ్మంది.

ఖాళీ బడిలో వాళ్ల అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. డోర్కాస్ మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. గదిలోకి పోయి ఒక్కో బెంచీ మీద కూర్చుని, లేచి, పక్కదానికి జరిగింది. కవిత, ప్రేమావతి, యాదగిరి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. ఎవరూ తొందరపెట్టలేదు. మూడో వరసలో గోడ వారగా ఉన్న బెంచీ దగ్గర ఆమె ఆగింది. దుమ్మును అరచేత్తో తుడిచి, కూర్చుని, బ్యాగు పక్కన పెట్టుకుంది.

"ఇక్కడ," అంది.

కవిత ఫోన్ తీసి ఆ బెంచీని ఫొటో తీసింది.