సందెవేళ నిద్ర

రామలక్ష్మి కూతురు అంకమ్మకు తొమ్మిదేళ్ళు. ఆ పిల్లకు రాత్రిళ్ళు నిద్ర కరువై ఐదు నెలలు దాటింది. మోకాలి పైన ఎముక ఉబ్బి, చీకటి పడిన దగ్గర్నుంచీ తొలిచేసేది. తెల్లవార్లూ తల్లి ఒళ్ళో మూలుగుతూ ఉండేది. పగలంతా జ్వరం. పొద్దు వాలాక చెమట పట్టి, జ్వరం దిగి, నొప్పి కాస్త సడలేది. ఆ గంటా గంటన్నరే దానికి నిద్ర. దేవుడు ఆ బిడ్డకు రోజు మొత్తంలో మిగిల్చింది అంతే. అదైనా సరిగ్గా ఇంట్లో ఎవరూ పడుకోకూడని వేళ చూసి మరీ ఇచ్చాడు.

బొల్లాపల్లి పక్కన ఆ మెట్ట ఊళ్ళో దీపాలు పెట్టే వేళ పసిపిల్లల్ని కూడా పడుకోనివ్వరు. ఇక జబ్బు మనిషి పడుకుంటే జబ్బు ఆ ఇంట్లోనే కాపురం పెడుతుందని రామలక్ష్మి అత్త పుల్లమ్మ నమ్మకం. పుల్లమ్మ రాక్షసి కాదు. అదే వచ్చిన చిక్కు. మనవరాలంటే ఆమెకు ప్రాణం. ప్రాణం కాబట్టే రోజూ పొద్దు వాలగానే వచ్చి, నిద్రపోయే పిల్లను రెక్క పట్టుకుని లేపేది. గుంజకు ఆనించి కూర్చోబెట్టి, మళ్ళీ కునుకు పట్టకుండా ఒళ్ళో వేరుశనక్కాయలు పోసి ఒలవమనేది.

"లే నా తల్లీ, లే. వాతం ఒళ్ళు నీది. ఈ యాళప్పుడు పడుకుంటే కాలు ఎప్పుడు బాగయ్యేది?"

అంకమ్మకు ఉన్నది వాతం కాదు, రాచపుండు. ఆ సంగతి గుంటూరు డాక్టరు రామలక్ష్మికీ, ఆమె మొగుడు వెంకట్రామయ్యకూ చెప్పాడు. ఛాతీలోకి కూడా పాకిందనీ, కాలు తీసేసినా లాభం లేదనీ, మూడు నాలుగు నెలలు గడిస్తే గొప్పనీ అన్నాడు. నొప్పికి మాత్రలిచ్చి, "నిద్ర ఎప్పుడు పడితే అప్పుడు పడుకోనివ్వండమ్మా" అని మెల్లగా చెప్పాడు. తిరిగొచ్చే బస్సులోనే వెంకట్రామయ్య, మగతగా ఉన్న పిల్ల తల మీద పెళ్ళాం చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు.

"మా అమ్మకి చెప్పమాకు. గుండె ఆగి చస్తది. వాతమని చెబుదాం."

చచ్చిపోయే బిడ్డ మీద ఒట్టు! తప్పితే ఇంకేం పోతుంది? అయినా రామలక్ష్మికి భయమే. డాక్టరు చెప్పిన నెలల్లో ఓ నాలుగు రోజులు తగ్గుతాయేమోనని భయం. నోరు మూసుకుంది.

అసలు సంగతి బయటపెట్టకుండానే అత్తను బతిమాలింది. "రాత్రంతా కన్ను మూయలేదు అత్తా. ఈ ఒక్క పూట వదిలెయ్యి."

"కన్నతల్లివయ్యుండి జబ్బుకి చాప పరుస్తావేందే?" అంది పుల్లమ్మ.

ఒకనాడు రామలక్ష్మి పిల్లను ఎత్తుకెళ్ళి గొడ్లచావిట్లో చొప్ప మీద పడుకోబెట్టింది. పుల్లమ్మ వెతుక్కుంటూ అక్కడికీ వచ్చి లేపింది. చివరికి రామలక్ష్మి మొగుణ్ణి నిలదీసింది. "మీ అమ్మకి నువ్వన్నా చెప్పు, నా ఒట్టన్నా వదిలెయ్యి." అప్పుడు పంచాయతీ సమితి ఎన్నికలు జరుగుతున్నాయి. ఊరి తగాదాలన్నీ నిలబడి తీర్చే ఆ మొనగాడికి కన్నతల్లి ముందు నోరు పెగల్లేదు. "నాలుగు రోజులాగు, ఈ ఎన్నికలు కానీ" అంటూ కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ మనిషిని చూస్తే రామలక్ష్మికి ఒళ్ళు మండింది. తనను తాను చూసుకుంటే అంతకన్నా మండింది.

ఆ వారంలోనే వరసగా రెండు రాత్రులు, రెండు పగళ్ళు పిల్లకు కునుకన్నది లేదు. మాత్రలు పనిచేయడం మానేశాయి. మూడోనాడు పొద్దు వాలాక చెమట పట్టింది. నులకమంచం మీద అంకమ్మ కళ్ళు మూతలు పడ్డాయి. రామలక్ష్మి మంచం పట్టెను ఆనుకుని, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ కూర్చుంది. గూట్లో దీపం పెట్టి, చేటలో కాయలతో పుల్లమ్మ రానే వచ్చింది. వచ్చి మంచం మీదికి వంగింది.

రామలక్ష్మి అత్త చెయ్యి పట్టుకుంది. ఇక ఒట్టూ లేదు, మొగుడి మాటా లేదు.

"ముట్టుకోమాకు! అది బతకదు అత్తా. దానికి వాతం కాదు, రాచపుండు. ఇంక రెండు నెలలకన్నా ఎక్కువ ఉండదు. చచ్చే బిడ్డని చచ్చేలోపలన్నా పడుకోనియ్యవా?"

చేట జారి కింద పడింది. పుల్లమ్మ ఉన్నచోటనే కూలబడి మంచం వంక చూసింది. రామలక్ష్మీ చూసింది. అంకమ్మ కళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

నాయనమ్మ అడుగుల చప్పుడుకే ఆ పిల్లకు రోజూ మెలకువ వచ్చేసేది. ఇంకో క్షణం దొరుకుతుందేమోనని కళ్ళు మూసుకుని పడుకునేది. ఇన్నాళ్ళూ పక్కనే కూర్చున్న తల్లికి ఆ సంగతి ఆనాడే తెలిసింది.

గుండె ఆగి చస్తుందని కొడుకు భయపడ్డ ముసలామెకు ఏమీ ఆగలేదు. మర్నాటి సాయంత్రం ఆమే దుప్పటి దులిపి పరిచింది. దీపం వెలిగించలేదు. వాకిట్లో ఆడుకునే పిల్లల్ని కసిరి తరిమింది. వెంకట్రామయ్య ఎన్నడూ లేనిది ఇంటిపట్టునే ఉండి, చప్పుడు కాకుండా తలుపు చేరవేశాడు. ఇంటిల్లిపాదీ ఆ బిడ్డ నిద్రకు కాపలా కూర్చున్నారు. చెమట పట్టింది, జ్వరం దిగింది. అంకమ్మ మాత్రం గుంజ పట్టుకుని కూర్చుంది.

"పడుకో నా తల్లీ" అని పుల్లమ్మ ఏడ్చింది.

"పడుకోను. పడుకుంటే మళ్ళీ లేవనేమో."

రెప్పలు వాలుతుంటే తన చెయ్యి తానే కొరుక్కుంది. ఎంతమంది ఎన్ని విధాల చెప్పినా వినలేదు. అమ్మ నోటితో అన్న మాట, అబద్ధమంటే ఎలా నమ్ముతుంది?

మూడో సాయంత్రానికి కూర్చునే ఓపిక కూడా పోయింది. తల్లి కొంగు పట్టుకుంది.

"అమ్మా, నాయనమ్మ లేపట్లేదు. నాకు నిద్రొస్తంది. నువ్వన్నా లేపవా?"

లేపుతానంది రామలక్ష్మి. పక్కనే కూర్చుని, తల వాలినప్పుడల్లా భుజం తట్టింది. ఆ పిల్ల ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, అమ్మను చూసుకుని, మళ్ళీ తూగేది. రామలక్ష్మి మళ్ళీ లేపేది.