నేల గడ్డకట్టక ముందే

ఓరెస్ట్ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. తన ఎర్రకుక్క రూడాకు దవడ కింద గడ్డలు కనబడితే గడ్డిముల్లు దిగిందని తేల్చేశాడు. కోతల కాలంలో వాళ్లుండే ఆ చలిదేశపు మైదానాల్లో కుక్కల నోళ్లలో ముళ్లు దిగడం మామూలే. మూడు వారాలు వేడిగుడ్డతో కాపడం పెట్టాడు. ముల్లు రాలేదు, గడ్డలు పెరిగాయి.

నగరంలో పశువుల డాక్టరు మార్గిట్ గడ్డలోకి సూది గుచ్చి, పరీక్ష చేయించి చెప్పింది.

"క్యాన్సరండీ. మందివ్వకపోతే నెలో, రెణ్ణెల్లో. ఇస్తే ఏడాది దాకా హాయిగా తిరగొచ్చు. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను."

"మా అన్నకీ ఇచ్చారు ఆ మందు. జుట్టూడి, వాంతులతో మంచం పట్టాడు. దీన్నీ అలా చేస్తారా?"

"కుక్కలకి అంత మోతాదు ఇవ్వం. రేపు బాగుంటావు, ఇవాళ ఓర్చుకోమంటే వాటికేం తెలుస్తుంది? ఉన్నన్నాళ్లూ బాగుండాలి, అంతే."

ఓరెస్ట్ సరేనన్నాడు గానీ నమ్మలేదు. ఇంటికి రాగానే పార తీసుకుని ఇంటి పక్కనున్న చెట్ల వరస వెనక్కి నడిచాడు. నవంబరు వస్తే అక్కడ నేల గడ్డకట్టి ఇనుమే. చలికాలంలో పోయేదానికి ముందే గొయ్యి తవ్వి ఉంచుకోవాలి. రూడా వెంటే వచ్చింది. ఎలుక కోసం అనుకుందో ఏమో, తోకాడిస్తూ ముందుకాళ్లతో తానూ తవ్వసాగింది.

అది చూసి భార్య స్టెఫా మండిపడింది.

"బతికున్నదానికి గొయ్యేంటయ్యా! పైగా దాని చేతే తవ్విస్తున్నావు. సిగ్గులేదూ?"

ఆ శీతాకాలమంతా మంచులో రెండేసి గంటలు ట్రక్కు నడిపి రూడాకు సూదులు వేయించాడు. నెల తిరక్కుండానే గడ్డలు కరిగిపోయాయి. జుట్టు ఊడలేదు. సూది వేసిన రోజు కాస్త నీరసం, మర్నాడు మళ్లీ స్టెఫా పొయ్యి దగ్గర కాపలా. మే నెలలో ఓరెస్ట్ ఈలవేసుకుంటూ గొయ్యి పూడ్చేశాడు.

"పూర్తిగా పోదని డాక్టరమ్మ చెప్పలా?" అంది స్టెఫా.

"ఆవిడకేం తెలుసు!" అన్నాడు. కుందేలుకు మళ్లీ మూడే కాళ్లు.

సెప్టెంబరులో గడ్డలు తిరిగొచ్చాయి. పాత మందు పనిచేయలేదు. మార్గిట్ కొత్తగా వచ్చిన మందు వాడింది. అది ఐదు వారాలు ఆపింది.

"ఇంక దీన్ని కష్టపెట్టొద్దండీ," అంది. ఆవిడ కళ్లూ చెమర్చాయి.

అక్టోబరు అయిపోవస్తోంది. పొద్దున్నే నేల మీద తెల్లటి మంచు పొర కడుతోంది. ఓరెస్ట్ పార జోలికి పోలేదు. తవ్వితే తానే దాన్ని పంపేసినట్టని భయం.

ఒక ఉదయం లేచేసరికి ఇంట్లో స్టెఫా లేదు, రూడా లేదు. చెట్ల వెనక మోకాలిలోతు గోతిలో నిలబడి స్టెఫా తవ్వుతోంది, ఏడుస్తోంది.

"నీ వల్ల కాదని తెలుసు. ఇంకో వారమైతే పార దిగదు," అంది తలెత్తకుండా.

గట్టు మీద స్టెఫా కోటుపై రూడా పడుకుని ఉంది. మట్టి పడ్డప్పుడల్లా తోక కొంచెం కదిలిస్తోంది. ఈసారి తవ్వడానికి లేవలేదు.

ఓరెస్ట్ గోతిలోకి దిగి, స్టెఫా చేతిలోంచి పార తీసుకున్నాడు.