గురు కాదన్నాడు

హన్నా ఆ ప్రోగ్రాముకి 'గురు' అని పేరు పెట్టినప్పుడు అందులో గౌరవం తప్ప ఇంకేమీ లేదు. ఆ మాట ఆమె తర్వాత చాలామందికి చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆమెకే అది సంజాయిషీలా వినిపించేది.

వాళ్ల అమ్మ రూతమ్మ నర్సు. గుంటూరు జిల్లా నుంచి పెళ్లికి ముందే రాయపూర్ వచ్చి ఆసుపత్రిలో చేరింది. హన్నా ఇక్కడే పుట్టి, హిందీలో చదువుకుని, లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, కంప్యూటరు డిప్లొమా తీసుకుంది. 1990లో ఊళ్లోని పండరీ బజారులో బట్టల దుకాణాల పైఅంతస్తులో ఉన్న ఒక సహకార బ్యాంకు కంప్యూటరు కొని, దాన్ని నడపడానికి మనిషి కావాలంటే టెంపరరీగా చేరింది. అప్పటికి ఆమెకి ఇరవై ఆరేళ్లు.

బ్యాంకు రైతులకి పంట అప్పులిచ్చేది. ఎవరికివ్వాలో, ఎవరికి కూడదో ఊళ్లు తిరిగి చూసొచ్చి చెప్పే ఫీల్డు ఆఫీసర్లు పదకొండు మంది. వాళ్లలో కొందరు చేతులు తడపందే కాగితం కదిలించరని పేరుండేది. మేనేజరు దూబే భోపాల్లో ఏదో సెమినారుకి వెళ్లొచ్చి హన్నాని పిలిచాడు.

"ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అంటున్నారు. నిపుణుడి బుర్రలో ఉన్నది ప్రశ్నలుగా, నియమాలుగా కంప్యూటర్లో పెడితే, నిపుణుడు లేకపోయినా అదే జవాబు చెబుతుందట. మన దగ్గర చెయ్యగలవా?"

"చెయ్యొచ్చు సార్. కానీ నిపుణుడు కావాలి."

"గురునాథం ఉన్నాడుగా. ఇరవై ఏడేళ్లలో ఆయన ఇప్పించిన అప్పులు మునిగింది చాలా తక్కువ. పైగా మీ తెలుగువాడే."

గురునాథం తండ్రి పలాస నుంచి రైల్వే గ్యాంగులో పనికి వచ్చి రాయపూర్లోనే గుఢియారీ పేటలో స్థిరపడ్డాడు. గురునాథం బ్యాంకులో చేరినప్పటినుంచీ ఆరంగ్ వైపు ఊళ్లే చూసేవాడు. ఆ ఊళ్లలో ఆయన్ని 'గురు బాబు' అనేవాళ్లు. రెండేళ్లలో రిటైరవబోతున్న మనిషి. హన్నా సంగతి చెప్పగానే ఆయన ముందు అడిగింది ఒకటే.

"మరైతే నాతో ఊళ్లోకి వస్తావేటమ్మా? ఇక్కడ కూకుని చెప్పమంటే నాకేటీ గుర్తు రాదు."

ఆ విధంగా రెండు పంటకాలాలు హన్నా ఆయనతో తిరిగింది. ఆరంగ్ దాకా బస్సు, అక్కడినుంచి ఎడ్లబండో కాలినడకో. ఆయన చూసే ప్రతిదీ ఎందుకు చూస్తున్నాడో అడిగి నోటుబుక్కులో రాసుకునేది. ఆయన గట్లు చూసేవాడు, తొలకరికి ముందే మట్టి వేశారా లేదా అని. ఎద్దుల మెడలు తడిమి చూసేవాడు. ఇంట్లోకి వెళ్తే మంచినీళ్లడిగి, ఆ నీళ్లు తెచ్చేలోపల ధాన్యం పోసుకునే మట్టి కోఠీ వైపు చూసేవాడు. విత్తనాల కోఠీ హోలీకి ముందే తెరిచేశారంటే ఆ ఇంట్లో తిండికి కటకటగా ఉందని అర్థం.

"అలాంటివాళ్లకి ఇవ్వకూడదా?" అని హన్నా అడిగింది.

"అలాంటివాళ్లకి తొందరగా ఇవ్వాలి," అన్నాడు ఆయన.

కోసమ్‌పాలీ అనే ఊళ్లో సుఖ్‌వారో అనే విధవరాలుండేది. నాలుగెకరాలు, ఒక కోడలు. కొడుకు పాము కాటుకి పోయాడు. మరిది బుధారూ పక్కింట్లోనే. వాళ్లింట్లో హన్నాకి వేడివేడి చీలాలు, అంటే బియ్యప్పిండి అట్లు, వేసి పెట్టారు, పచ్చి టమాటాల చట్నీతో. పంట సంగతి అడిగితే సుఖ్‌వారో ఒక పాత బకాయి చెప్పింది, ఆ ఏడు వానల్లేవని. గురునాథం తల ఊపి ఫారం మీద సంతకం పెట్టాడు.

తిరుగు బస్సులో హన్నా అంది: "బాబాయ్ గారూ, బకాయి ఉన్నా ఇచ్చారు. పోయిన వారం ఇంకో ఊళ్లో బకాయి ఉందనే ఇవ్వలేదు. నేను నియమం ఎలా రాయను?"

"ఆడు మిల్లుకి అమ్ముకుని కట్టలేదమ్మా. ఈవిడికి పండలేదు. ఎందుకు కట్టలేదో అడగాలి."

"ఎందుకన్నదానికి ఎన్ని జవాబులుంటాయి? పదా, ఇరవయ్యా? అవి చెబితే నేను పెట్టేస్తాను."

"నాకు తెల్దు. కొత్తది విన్నప్పుడల్లా కొత్తదే. ఓ పని చెయ్యి. ఓ ఖాళీ గడి పెట్టు. వెళ్లి చూసొచ్చినవాడు తన మాట రాసుకోడానికి. ఆ మాట ఉంటే కంప్యూటరు కాదనకుండా మనిషిని అడగాలి."

"పెడతాను," అంది హన్నా. పెట్టింది కూడా.

1992 మే నెలలో భోపాల్ నుంచి పెద్దాఫీసర్లు చూడ్డానికొచ్చారు. ముప్ఫై ఎనిమిది నియమాలు. ఆకుపచ్చ అక్షరాల తెర మీద ఒక్కో ప్రశ్నా వచ్చేది. అవుననో కాదనో, ఒక అంకెనో నొక్కితే, ఆఖర్న జవాబు. నాలుగు నిమిషాలు పట్టింది. పాత ఫైళ్లు యాభై తీసి పరీక్షిస్తే నలభై ఆరింటిలో గురునాథం ఇచ్చిన జవాబే వచ్చింది.

"దీని పేరేమిటి?" అని ఒకాయన అడిగాడు.

హన్నా అంతకుముందు అనుకున్నది కాదు, వెనక నిలబడ్డ గురునాథాన్ని చూడగానే నోటికొచ్చింది. "గురు, సార్. మా గురునాథం గారి పేరు."

అందరూ చప్పట్లు కొట్టారు. గురునాథం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. సాయంత్రం ఆఫీసంతటికీ కలాకంద్ తెప్పించాడు.

వాళ్లు వెళ్లాక దూబే ఒక్క మార్పు చెప్పాడు. "ఆ ఖాళీ గడి తీసెయ్యి. సిఫారసులూ లంచాలూ దూరేది అందులోంచే. మనిషి మాటతో పని లేదని కదా దీన్ని పెట్టింది."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. హన్నా కుర్చీలో కూర్చుని గడి తీసేసింది. బకాయిల నియమం మిగిలింది: మూడేళ్లలో రెండుసార్లు కట్టకపోతే అప్పు లేదు. గడి తీసేసినట్టు గురునాథానికి చెప్పాలనుకుంది. ఆయన అప్పుడే కలాకంద్ పొట్లాలు విప్పుతున్నాడు. రేపు చెబుదాంలే అనుకుంది. ఆ తర్వాత ఫీల్డు ఆఫీసర్లని ఊళ్లకి పంపడం మానేశారు. రైతులే వచ్చి కిటికీ దగ్గర జవాబులు చెప్పేవాళ్లు. గురునాథానికి కింద హాల్లో ఒక బల్ల ఇచ్చారు.

నిజం చెప్పాలంటే మొదటి ఏడాది మంచే జరిగింది. దళారీకి ఏమీ ఇచ్చుకోకుండా ఒక్క పూటలో అప్పు తీసుకెళ్లినవాళ్లున్నారు. గురునాథమే ఆ మాట అన్నాడు.

1993 జూన్‌లో, మొదటి వానలు పడ్డ వారానికి, ఆయన మెట్లెక్కి హన్నా గదిలోకి వచ్చాడు. ఆయన పైకి రావడం తక్కువ. చేతిలో కంప్యూటరు అచ్చేసిచ్చిన జవాబు చీటీ ఉంది.

"సుఖ్‌వారోకి లేదని వచ్చిందమ్మా."

హన్నా చూసింది. రెండు బకాయిలు. తొంభై ఒకటి, తొంభై రెండు.

"పిల్లకాలవ గండిపడి రెండేళ్లు బాగు చెయ్యలేదు. ఆవిడ పొలం కొసన ఉంది, నీళ్లెక్కలేదు. నేను మొన్న ఆదివారం వెళ్లి చూసొచ్చాను. ఇప్పుడు కాలవ బాగుచేశారు. ఈ ఏడు పండుద్ది. ఆ గడిలో రాయి."

హన్నా తెర వైపే చూస్తూ చెప్పింది. "గడి లేదు బాబాయ్ గారూ. తీసేయమన్నారు."

"ఎప్పుడు?"

"మొదట్లోనే."

ఆయన ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. కోపగించుకుంటాడేమోనని ఆమె ఎదురుచూసింది.

"పోనీ ఇప్పుడు కాలవ గురించి ఓ ప్రశ్న పెట్టొచ్చు కదా."

"నియమాలు మార్చాలంటే భోపాల్ కమిటీ ఒప్పుకోవాలి. దూబే సారు రాయాలి. ఈ పంట అయ్యాక అడుగుతాను. తప్పకుండా అడుగుతాను."

"విత్తనాలు ఈ వారం చల్లాలమ్మా," అన్నాడాయన.

ఒక దారి ఉంది. రెండు బకాయిలన్నచోట ఒకటని నొక్కితే జవాబు మారేది. అది ఆయన అడగలేదు. హన్నాకి తట్టింది. కానీ ఆ నెలలోనే పర్మనెంటు చేసేవాళ్ల జాబితా తయారవుతోంది, అందులో ఆమె పేరుంది. ఆమె వేళ్లు మీటల మీదే ఉండిపోయాయి. ఆయన లేచి దూబే గదికి వెళ్లాడు. ఐదు నిమిషాల్లో బయటికొచ్చి మెట్లు దిగిపోయాడు. హన్నా కిటికీలోంచి చూస్తే, కింద అరుగు మీద సుఖ్‌వారో చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయన ఏం చెప్పాడో పైకి వినపడలేదు. ఆవిడ చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

జులైలో హన్నా పర్మనెంటయింది. పంట అయ్యాక కమిటీ మాట దూబే దగ్గర ఒకసారి ఎత్తింది. చూద్దాం అన్నాడు. డిసెంబరులో గురునాథం రిటైరయ్యాడు. దండ వేసి గోడ గడియారం ఇచ్చారు.

1995లో దూబేకి బదిలీ అయ్యింది. కొత్త మేనేజరు నియమాల జోలికి పోయే మనిషి కాడు, ఏం చేసుకున్నా సరేనన్నాడు. హన్నా వారం రోజుల్లో ఖాళీ గడి మళ్లీ పెట్టింది. కొత్తగా చేరిన కుర్ర ఆఫీసర్లకి చూపించింది. రెండు నెలల తర్వాత తీసి చూస్తే నూట నలభై ఫారాల్లో గడి ఖాళీ. మిగిలిన పదహారింటిలో 'ఠీక్ హై' అని ఉంది. వాళ్లెవరూ ఏ ఊరికీ వెళ్లినవాళ్లు కారు. ఏం చూడాలో వాళ్లకెవరూ చెప్పలేదు.

గురునాథాన్ని పిలుచుకొచ్చి నేర్పిద్దామనుకుని ఆమె గుఢియారీ వెళ్లింది. రిటైరయ్యాక వెళ్లడం అదే మొదలు. ఆయన లేడు, మందులకి వెళ్లాడు. మోకాళ్లు పట్టేశాయట. భార్య దాలమ్మ చాప వేసింది. హన్నా వచ్చిన పని చెప్పింది.

"ఆరంగ్ వైపు ఊళ్లా?" అంది దాలమ్మ. "ఆరింక అటెల్లరమ్మా. నీకు సెప్పలేదేటి?"

"ఏమిటి పిన్నీ?"

"ఆ సీటీ మీద పైన అచ్చేయించారు కదా, హిందీలో. గురు సలహా అని. ఆళ్లకి గురు అంటే మీ బాబాయే. సూడకుండా, మాట అడక్కుండా గురు బాబే కాదన్నాడని ఊళ్లన్నీ అనుకున్నారు. ఆ ముసిల్ది ఆఫీసుకొచ్చి ఈరి బల్ల మీదే పడేసింది సీటీ. ఈరు మన ఇంట్లో డబ్బుతో ఇత్తనాలు కొని బండిలో ఏసుకెల్లారు. కాదన్నోళ్ల సేతి ఇత్తనాలు సల్లనని తిప్పి పంపేసింది."

ఆ చీటీ పైన అచ్చుకి అక్షరాలు ఎంచింది ఆమే. పెద్దవిగా ఉండాలని ప్రెస్సువాడికి రెండుసార్లు చెప్పింది.

"ఆ నెల్లోనే మల్లీ ఓపాలెల్లారు. ఆ మరిది కూకోడానికి మంచం కూడా ఎయ్యలేదట. ఎండలో నిలబడి వచ్చేశారు. సుఖ్‌వారో రెండెకరాలు ఇటుకలోడికి ఇచ్చేసి, కోడల్ని తీసుకుని అలహాబాదు వైపు బట్టీల్లో పనికి పోయింది."

ఆ సాయంత్రం హన్నా వంటింట్లో ఇదంతా అమ్మకి చెప్పింది. రూతమ్మ కూర కలుపుతూ విన్నది.

"ఆయనకి క్షమాపణ చెప్పుకుంటానమ్మా."

"ఆయనకి తర్వాత. ముందు ఆ ఊరెళ్లి చెప్పు, ఎవరు చేశారో. ఉత్తరం రాసి ఊరుకోకు."

ఆగస్టులో ఒక శనివారం సెలవు పెట్టి హన్నా కోసమ్‌పాలీ వెళ్లింది. సుఖ్‌వారో ఇంటికి తాళం. పక్కింటి అరుగు మీద బుధారూ తాడు పేనుతున్నాడు. ఇంకో నలుగురు పోగయ్యారు. ఆమె నిలబడే చెప్పింది. గురు బాబు కాదనలేదని, ఆ చీటీ యంత్రం రాసిందని, యంత్రానికి ఆయన పేరు పెట్టింది తనేనని, ఆయన పెట్టమన్న గడి తీసేసింది కూడా తనేనని.

బుధారూ పేనడం ఆపి ఆమె మొహం చూశాడు. "నువ్వు ఆయనతో వచ్చి మా ఇంట్లో చీలాలు తిన్న పిల్లవి కదూ?"

"అవును."

"మేం చెప్పినవన్నీ రాసుకున్నావు. అవన్నీ ఏం చేశావు మరి?"

బుధారూ లోపలికెళ్లి నీళ్ల చెంబు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. "గురు బాబు రెండోసారి వచ్చినప్పుడు నేను నానా మాటలన్నాను. వింటూ నిలబడ్డాడు. నీ పేరు చెప్పలేదు." మళ్లీ తాడు చేతిలోకి తీసుకుని, "వదిన ఎక్కడుందో మాకూ తెలియదు. పోయిన దీపావళికి మనిషితో కబురంపింది, అంతే," అన్నాడు.

తిరిగొచ్చి ఆమె బస్టాండు నుంచి నేరుగా గుఢియారీ వెళ్లింది. గురునాథం వాకిట్లో మడత కుర్చీలో కూర్చుని మోకాలికి తైలం రాసుకుంటున్నాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. ఆయన సీసా మూత బిగించి పక్కన పెట్టాడు.

"నా పేరెందుకు చెప్పలేదు బాబాయ్ గారూ?"

"అప్పటికి నువ్వు పర్మనెంటు కాలేదు కదమ్మా. ఎవడైనా వచ్చి ఆఫీసులో నీ పేరు పెట్టి గొడవ చేస్తే?"

అందులో దెప్పిపొడుపేమైనా ఉందా అని ఆమె ఆయన మొహంలో వెతికింది. లేదు. ఉంటే బాగుండుననిపించింది. దాలమ్మ టీ తెచ్చింది. ముగ్గురూ తాగారు.

"బుధారూ మంచం వేస్తాడు, మిమ్మల్ని రమ్మన్నాడు," అంది హన్నా. అతను ఆ మాట అనలేదు.

గురునాథం తలూపాడు. తర్వాత, ఆసక్తిగానే, అడిగాడు. "అక్కడ వరి మొక్కలు పలచబడేలా మధ్యలో దున్నడం అయిపోయిందా? పొలాల్లో నీళ్లు నిలబడ్డాయా? వరి ఏ రంగులో ఉంది?"

ఊరి దాకా రెండు మైళ్లు ఆమె పొలాల మధ్య గట్టు మీదే నడిచి వెళ్లింది, నడిచి వచ్చింది. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో అనుకుంటూ నడిచింది.

"చూడలేదు బాబాయ్ గారూ," అంది.

"సర్లే," అన్నాడు ఆయన, ఖాళీ గ్లాసు దాలమ్మకి అందిస్తూ.