కొండ అంచున ఇద్దరు

నంద్యాలలో నర్సుగా పనిచేసే కరుణ శిక్షణ కోసం నార్వే వెళ్లింది. సెలవురోజు తోటివాళ్లు బజారుకు పోతే, ఆమె ఒంటరిగా అక్కడి పేరుమోసిన కొండచరియ ఎక్కింది. తీరా పైకి చేరాక భయమేసి, అంచుకు కాస్త దూరంలోనే చతికిలబడింది.

పక్కనే ఒక తెల్లజుట్టు ముసలామె కూడా అలాగే కూలబడి ఉంది. ఆమె మాట కరుణకు అర్థం కాలేదు కానీ, భయం అర్థమైంది.

"నా చెయ్యి పట్టుకోమ్మా. నాకూ భయమే," అంది కరుణ తెలుగులోనే.

ఇద్దరూ బోర్లా పడుకుని, పాకుతూ వెళ్లి తొంగిచూశారు. ఎంతో లోతున నీలంగా నీళ్లు, వాటిమీద చీమంత పడవ. ముసలామె పకపకా నవ్వింది. కరుణకు కన్నీళ్లొచ్చాయి.

దిగాక ఆళ్లగడ్డలో ఉన్న భర్తకు ఫోన్ చేసింది.

"ఒక్కదానివే పోయినావా? భయం కాలేదా?" అన్నాడు ప్రభాకర్.

"అయింది. ఆడ ఇంకొకామె కూడా భయపడతాండె. ఇద్దరం కలిసి చూసినాం."